రొయ్యల చెరువు గట్ల మీదికి డీజిల్ ఫోర్ బై ఫోర్: కొత్తదా, పాతదా?

చెరువుగట్టు:
భీమవరం, మొగల్తూరు మధ్య తిరుగుడు. రోజుకు పాతిక కిలోమీటర్ల లోపే, అందులో సగం గట్ల మీద ఫస్టు, సెకండు గేర్లలోనే. మేత బస్తాలు ఐదారు, అప్పుడప్పుడు ఏరేటర్ మోటారు వేసుకోవాలి. డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) అంటే రెండు మూడు పేర్లకు మించి దొరకడం లేదు. ఎందుకిలా? కొత్త మహీంద్రా థార్ తీసుకోవాలా, 2020కి ముందు వచ్చిన పాత డీజిల్ థార్, అదే సీఆర్‌డీఈ, వెతకాలా?

కాలవలాకు:
అడిగేవాళ్లు ఉన్నారండి, చేసేవాళ్లకే గిట్టుబాటు తగ్గింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధన రాగానే డీజిల్‌కి పొగ శుద్ధి సామాను ఖర్చు పెరిగింది, చిన్న బండి ధరలో అది ఇమడలేదు. మారుతి డీజిల్ మానేసింది, అందుకే వాళ్ల ఫోర్ బై ఫోర్ జిమ్నీ పెట్రోల్‌లోనే వచ్చింది.

పైగా పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్లు, 1500 సీసీ లోపు డీజిల్‌ కారుకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. థార్ 1.5 డీజిల్ చవక కోవలోకి వస్తుంది గానీ దానికి వెనక చక్రాల డ్రైవే. నాలుగు చక్రాలూ లాగాలంటే 2184 సీసీ ఇంజినే. బుక్ చేసేముందు గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందో లేదో కళ్లారా చూడండి. ఫోర్స్ కంపెనీ గూర్ఖాలో డీజిల్ ఇంజిన్ 2.6 లీటర్లది, 2024 నుంచి 140 పీఎస్.

నల్లరేగడి:
మీ వాడకానికి అసలు చిక్కు డీపీఎఫ్, అంటే బీఎస్6 డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. అందులో చేరిన మసి కాలాలంటే వేడి 600 డిగ్రీల దరిదాపులకు వెళ్లాలి. గట్టు మీద పాకే బండికి అది రాదు. వేడి పెంచడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. మధ్యలో మాటిమాటికీ ఆపేస్తుంటే ఆ డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి: మట్టం పై గీత దాటి, ఆయిల్ వేళ్ల మధ్య నీళ్లలా జారి, డీజిల్ వాసన కొడితే కిలోమీటర్లు చూడకుండా మార్చేయాలి. లేకపోతే బేరింగులు పోతాయి.

మందు ఒకటే. వారానికోసారి 216 హైవే ఎక్కి, 2000 ఆర్‌పీఎం పైన అరగంట ఆపకుండా నడపాలి. డీపీఎఫ్ లైటు వెలిగితే అదే రోజు. అంత తీరిక లేకపోతే కొత్త డీజిల్ వద్దు.

ఇంకోటి. గట్టు పచ్చిగా ఉంటే టార్క్ (లాగే బలం) కంటే బరువే ముఖ్యం. జిమ్నీ 1200 కిలోల దగ్గర, డీజిల్ థార్ దాదాపు అర టన్ను ఎక్కువ. బస్తాలు ఐదారే అయితే పెట్రోల్‌ని కొట్టిపారేయకండి.

చెరువుగట్టు:
హైవే వారం వారం కుదరదండి. పాతదే అయితే ఏం చూడాలి?

కాలవలాకు:
బీఎస్6కి ముందు నిబంధన బీఎస్4 నాటి సీఆర్‌డీఈకి డీపీఎఫ్ బెడద లేదు. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండి పదేళ్లు దాటితే తిప్పకూడదన్న నిబంధన పెట్టాక అక్కడి బళ్లు బయటి రాష్ట్రాలకు వచ్చాయి. అలాంటిదైతే ఫారం 28తో తీసిన ఎన్‌ఓసీ (ఆర్‌టీఓ నిరభ్యంతర పత్రం), లోన్ తీరితే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బివ్వండి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ లెక్క ధరలోంచి తగ్గించి బేరమాడండి.

తీరం దగ్గర తిరిగినదైతే స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్ అతుకుల దగ్గర పొడవండి, పొరలు రాలితే వదిలేయండి. తడి మట్టిలో 4ఎల్ (నాలుగు చక్రాల నెమ్మది గేరు) వేసి, ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో పక్కనుంచి ఒకరు చూడాలి. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల డబ్బా) ప్లగ్ విప్పించండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, బ్రీదర్ గొట్టం, సీళ్లు మార్పించాలి.