అప్‌డేట్: మధురవాడ సైట్‌లో వాన నీటి గుంట సంగతి

విశాఖలోని మధురవాడ కొండవాలులో కడుతున్న బిల్డింగ్‌కి వాన నీరు ఇంకే గుంట దూరంగా తవ్వితే, లీడ్‌లో (పర్యావరణహిత బిల్డింగ్‌లకు ఇచ్చే రేటింగ్) చుట్టూ నేల కదపనందుకు వచ్చే పాయింటు పోతుందా అని జూన్‌లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పోదు. లీడ్ పాత వెర్షన్ 2009 ప్రకారం, అంతకుముందు ఏమీ కట్టని నేలలో బిల్డింగ్ చుట్టూ 40 అడుగులు, నడకదారుల పక్కన 10 అడుగులు దాటి మట్టి కదపకూడదని ఉండేది. నీరు ఇంకే నిర్మాణాలకు మాత్రం పని చేసుకోడానికి వాటి చుట్టూ 25 అడుగులు ఇచ్చేవారు. మనుషులు, సామాను గుంటలోనే తిరిగితే మట్టి గట్టిపడి నీరు ఇంకదు కాబట్టి ఆ వెసులుబాటు. కానీ మా సైట్‌లో ఆ 25 అడుగుల్లోనే 9 జీడిమామిడి చెట్లున్నాయి. పాయింటు వచ్చినా వాటిని కొట్టించడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే పెద్ద గుంట మానేసి, పునాదికి 10 అడుగులు వదిలి, 40 అడుగుల లోపలే మెట్లుమెట్లుగా మూడు చిన్నవి తవ్వించాం. జేసీబీ వద్దన్నాను. అంతా గునపాలు, పారలతోనే. కూలి ఖర్చు పెరిగింది, ఓనరుగారిని ఒప్పించేదాకా ఒకటే టెన్షన్.

మొన్న రాత్రి వాన దంచేసింది. తెల్లారి వెళ్లి చూస్తే, మొదట్లో జేసీబీ తిరిగిన గాడిలో ఎర్రనీళ్లు అలాగే నిలిచున్నాయి. రెండడుగుల అవతల గుంటలో మాత్రం తడి మట్టి, వట్టివేరు దుబ్బులకు అంటుకున్న జీడాకులు, అంతే. ఎంత సంతోషమేసిందో!

కింది గుంట పొర్లే చోట గట్టు కాస్త కోసుకుపోయింది. రాళ్లు పేరుస్తున్నాం, అక్టోబరు తుఫాన్లలోపు అయిపోవాలి.