అప్‌డేట్: రేకుల గోడౌన్‌లో ఆఫీసు, మధ్యాహ్నం వేడి

చీరాల దగ్గర పాత పొగాకు గోడౌన్‌ని ఆఫీసుగా మారుస్తుంటే ఇనప రేకుల వేడికి ఏసీలు చాలట్లేదని అడిగాను కదా. ఏసీ టన్నులు పెంచలేదు. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, పైన ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించాం. రేకుకి అడుగు కిందగా 50 మి.మీ. రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) పరిచిన ఫాల్స్ సీలింగ్. మధ్య ఖాళీలో వేడిగాలి పోవడానికి కొప్పు దగ్గర వెంట్లు పెట్టినా ముందు ఫలితం లేదు. బయటి గాలి లోపలికి వచ్చేలా చూరు కింద జాలీలు తెరిచాకే గాలి కదిలింది.

పొరపాటల్లా సున్నపు గోడలకి సిమెంటు పూత. లోపలి చెమ్మ బయటికి పోక ఉబ్బి రాలింది. మళ్లీ సున్నమే. పడమటి ఎండ వాలుగా సన్‌షేడ్ కిందనుంచే వస్తుంది కాబట్టి కిటికీలకి సన్‌షేడ్లు కాదు, బయట నిలువు లూవర్లు (ఎండని అడ్డుకునే నిలువు పలకలు). వట్టివేళ్ల తడికలా? సముద్రతీరపు ఉక్కలో తడి సరిగా ఆరదు, చల్లదనం రాదు, వృథా.