చర్చ: దూరం మారనప్పుడు టికెట్ మీద టైమ్ అంత ఎందుకు?

లెక్కలమాస్టారు: లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి దాదాపు 5,540 కిలోమీటర్లు. జెట్ విమానం వేగం గంటకు 900. భాగిస్తే 6 గంటల 10 నిమిషాలు. టికెట్ మీద దాదాపు 8 గంటలు! నా దృష్టిలో ఇది మోసమే.

గగనవిహారి: మాస్టారూ, ఆ 900 గాలిలో వేగం, నేల మీద లెక్క కాదు. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే మీ 900 కాస్తా 800. అంటే 6 గంటల 55 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 5 గంటల 32 నిమిషాలే. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలికి ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది.

కిటికీసీటు: మ్యాప్‌లో దారి ఉత్తరానికి వంగి ఉంటుంది కదా, చుట్టు తిరిగి వెళ్తున్నారా?

గగనవిహారి: లేదండీ. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద వేస్తే దగ్గరి దారే వంకరగా కనిపిస్తుంది.

లెక్కలమాస్టారు: గాలి కలిపినా 7 గంటలే. మిగతా గంట సంగతి చెప్పండి.

గగనవిహారి: టికెట్ టైమ్ గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా నడపాలి, క్యూలో ఆగాలి, దిగే ముందు ఒక్కోసారి చక్కర్లు కొట్టాలి.

రన్‌వే27: పైన కొంత అదనంగా కలుపుతారు, అది కూడా ఒప్పుకోండి.

లెక్కలమాస్టారు: అదీ! అంత కలిపి కూడా నా విమానం 14 నిమిషాలు లేటు. 15 నిమిషాల లోపైతే లేటు కిందికి రాదన్నారు. నా రెండో విమానం మాత్రం వెళ్లిపోయింది. ఆపరేషన్‌కి ముందు అమ్మతో ఒక్క మాట మాట్లాడదామని బయల్దేరాను. నేను చేరేసరికి లోపలికి తీసుకెళ్లిపోయారు.

గగనవిహారి: చాలా బాధగా ఉంది. కానీ 19 ఏళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో, అంటే విమానం దారి, ఇంధనం లెక్కకట్టే పనిలో, రాత్రంతా గాలి చార్టులు చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను. మోసగాడంటే ఊరుకోను. అది మాట ఇవ్వడం కాదు, అంచనా.

లెక్కలమాస్టారు: అక్కడే తేడా. మీకది అంచనా. డబ్బు కట్టి, మధ్యలో ఇంకో విమానం పెట్టుకున్న నాకు అది మాటే. అంచనా అని టికెట్ మీద ఎక్కడైనా రాశారా?

కిటికీసీటు: అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

లెక్కలమాస్టారు: కోలుకున్నారండీ.

రన్‌వే27: త్వరగా అయితే ఇంత, ఆలస్యమైతే ఇంత అని రెండూ వేస్తే సరిపోదా?

గగనవిహారి: గాలి రోజూ మారుతుంది. నెలల ముందు అమ్మే టికెట్ మీద ఏ సంఖ్య వేయమంటారు?

లెక్కలమాస్టారు: మారుతుందనే వేయండి. ఆ ఒక్క ముక్క చదివి ఉంటే మధ్యలో ఇంకో రెండు గంటలు పెట్టుకునేవాణ్ణి.