నలుగురి ముందు నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?

సేల్స్‌లో 9 ఏళ్లుగా ఉన్నాను. క్లయింటు ఎదురుగా కూర్చుంటే గంటైనా మాట్లాడతాను. అదే విషయం నిలబడి పదిమందికి చెప్పాలంటే గొంతు తడారిపోతుంది. మొన్న మీటింగులో రెండో స్లైడ్ దగ్గరే ఆగిపోయాను. చెయ్యి వణికి లేజర్ చుక్క గోడంతా తిరిగింది. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా బాధ.

ఇప్పుడు మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. అది వస్తే నెలనెలా ప్రజెంటేషన్లు తప్పవు. మొత్తం బట్టీపట్టి చూశాను. ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా ఎగిరిపోతోంది. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో 5 నుంచి 7 నిమిషాల ప్రసంగాలతో అలవాటు చేస్తారు కదా, వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా? టెన్షన్ తగ్గడానికి మీకు ఎన్నాళ్లు పట్టింది? మధ్యలో మాట ఆగిపోతే మళ్లీ ఎలా అందుకుంటారు? ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని మాత్రం చెప్పకండి, ఆ సమయంలో ఊపిరే అందదు.