డైవ్ బాంబర్ ఒక్కటే యుద్ధాన్ని తిప్పేస్తుందా?

కడప_కామిక్స్:
అనంతపురంలో ఉన్న ఫ్రెండ్, నేను కలిసి ఒక కామిక్ వేస్తున్నాం. కథ 1944 ఇంఫాల్ యుద్ధం. అందులో మేం కల్పించిన డైవ్ బాంబర్ (పైనుంచి టార్గెట్ మీదికి దూకుతూ బాంబు వేసే విమానం) పేరు ‘గండభేరుండ’. ఆరు విమానాలు ఎస్కార్ట్ (కాపలా ఫైటర్లు) లేకుండా పోయి, జపాన్ వాళ్ల సప్లై మొత్తం నాశనం చేసి తిరిగొస్తాయి. మావాడు నమ్మేట్టు లేదంటున్నాడు. మీరేమంటారు?

కొండారెడ్డి_బురుజు:
మీ ఫ్రెండ్ మాటే రైటు. డైవ్‌లో పైలట్ చూపంతా టార్గెట్ మీదే, పక్కకు తిప్పడానికి లేదు. బాంబు వేసి పైకి లేచేటప్పుడు స్పీడు పడిపోతుంది. ఫైటర్‌కు అప్పుడే దొరికిపోతాడు. పోలండ్‌లో హడలెత్తించిన జర్మన్ డైవ్ బాంబర్లు స్టూకాలు బ్రిటన్ మీద 1940 ఆగస్టు 18న ఒక్కరోజే పదికి పైగా కూలాయి. ఆ తర్వాత జర్మన్లు వాటిని ఆ పోరు నుంచి దాదాపు తప్పించేశారు.

కడప_కామిక్స్:
మరి పసిఫిక్‌లో జరిగిన మిడ్‌వే యుద్ధం సంగతేంది అన్నా? 1942 జూన్ 4న అమెరికా డైవ్ బాంబర్లు డాంట్‌లెస్‌లు వేసిన దెబ్బకే కదా నాలుగు జపాన్ విమానవాహక నౌకలు పోయింది!

కొండారెడ్డి_బురుజు:
అంతకుముందు జరిగింది వదిలేశావ్. అమెరికన్ టార్పెడో విమానాలు నీళ్లకు ఆనుకుని వచ్చాయి. ఒక స్క్వాడ్రన్‌లో 15కు 15 పోయాయి. వాటిని తరుముతూ జపాన్ జీరో ఫైటర్లు కిందికి దిగాయి, పైన ఆకాశం ఖాళీ. ఆ సందులో దూరాయి డాంట్‌లెస్‌లు.

పెన్నా_గట్టు:
ఇద్దరూ సముద్రాల మీదే తిరుగుతున్నారు, కథ ఇంఫాల్ కదప్పా! అక్కడ మన వైమానిక దళం 7వ స్క్వాడ్రన్ వెంజెన్స్ డైవ్ బాంబర్లే నడిపింది. 8వ స్క్వాడ్రన్‌దీ అదే విమానం, కాకపోతే బర్మా తీరంలోని అరకాన్ వైపు. వెంజెన్స్ దాదాపు నిట్టనిలువునా దూకేది, అడవిలో దాగిన బంకర్లకు అదే కావాలి. బర్మాలో వాటికి జపాన్ ఫైటర్ల బెడద తక్కువ, కాబట్టి ఎస్కార్ట్ లేకపోయినా కథ నిలబడుతుంది. నా అభ్యంతరం ‘మొత్తం నాశనం’ మీద. వెంజెన్స్ పొట్టలో పట్టేది 500 పౌండ్ల బాంబులు రెండే. మీ గండభేరుండకు నాలుగిచ్చినా ఆరు విమానాలతో అయ్యే పని కాదు. జపాన్ సేనాని ముతగుచి మూడు వారాల తిండితో సైన్యాన్ని కొండలెక్కించాడు, ఇంఫాల్‌లోని బ్రిటిష్ గోదాములు దొరుకుతాయన్న ధీమాతో. అవి దొరకలేదు, పైగా వానలు పడ్డాయి. అసలు దెబ్బ అదీ. మీ విమానంతో ఒక వంతెన కూల్చండి, చాలు.

కడప_కామిక్స్:
వంతెన ఓకే. గండభేరుండ దూకేటప్పుడు మోగే సైరన్ మాత్రం తీయను.

కొండారెడ్డి_బురుజు:
స్టూకాకే తర్వాత తీసేశారు సామీ! స్పీడు తగ్గుతుంది, కిందున్నోళ్లకు ముందే తెలిసిపోతుంది.

కడప_కామిక్స్:
అయినా ఉంచుతా. కామిక్ నాది.