దొడ్డమ్మ అన్నది ‘జిగి’యా, ‘బిగి’యా?

అమలాపురం దగ్గర మా దొడ్డమ్మ ఏటా జామ జెల్లీ కాచేది. జెల్లీ గడ్డకట్టడానికి వేసే పెక్టిన్ పొడి సీసా మూత తీసి వేళ్లతో నలిపి చూసి, ఉండలు తగిలితే “దీని ...గి చచ్చిందే, కొత్తది తెప్పించు” అనేది. ఆ మొదటి అక్షరమే గుర్తు రావడం లేదు. మొన్న ముసురుకి మా సీసా కూడా ఉండలు కట్టేసింది, అప్పట్నుంచీ ఇదే ఆలోచన.

— బిగేనండీ. అల్లసానివారి అల్లిక జిగిబిగి అన్నప్పుడు జిగి కాంతి, బిగి పట్టు. పాత పెక్టిన్‌లో పోయేది పట్టే, పులుపూ పంచదారా సరిపోయినా జెల్లీ జారుతూనే ఉంటుంది.

— మాస్టారూ, పట్టు రాలేదని ఇంకాసేపు ఇంకాసేపు అంటూ మరిగిస్తాం కదా, దాంతో రంగు నల్లబడి ఆ మెరుపు పోతుంది. దొడ్డమ్మగారు చూసింది అదైతే జిగే.

— పెద్దనలో ఆ రెండూ విడదీయలేమండీ. ప్రవరుడు హిమాలయం చూసే పద్యం పైకి చదవండి, ‘జ్ఝ’ దగ్గర నాలుక బిగుస్తుంది, చెవికి మాత్రం మెరుపే.

— అసలు పెక్టిన్ అన్న మాటకే గడ్డకట్టేదని అర్థం. 1825లో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకొనో గ్రీకు మాట నుంచి పెట్టాడు. మన ‘పేరుకోవడం’ అన్నమాట. ‘పెరుగు’ కూడా అందులోంచే వచ్చిందని నా నమ్మకం.

— పెరుగు దగ్గర ఒప్పుకోనండీ. మా ఇంట్లో నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి.

— అక్కా, ముందు ఆ సీసా సంగతి చూడండి. ఉండలు కట్టిందంటే తేమ తగిలినట్టే, పారేయండి. కొత్తది గాలి చొరని సీసాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టి, పొడి చెంచాతోనే తీయండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే మూత తెరవొద్దు, చల్లటి పొడికి చెమ్మ పడుతుంది. పాకెట్ మీద గడువు తేదీ సీసా మీద రాసుకోండి, ఎందుకంటే ఉండలు లేకపోయినా పట్టు తగ్గిపోయి ఉండొచ్చు, చూస్తే తెలీదు. పాతదాన్ని ఇంకో చెంచా ఎక్కువేసి సరిపెట్టుకుందాం అనుకోకండి, ఎంత తగ్గిందో తెలీకుండా ఎంత వేస్తాం? ద్రవ పెక్టిన్ అయితే తెరిచాక ఫ్రిజ్‌లోనే.

— కొత్తది తెప్పిస్తున్నాను తమ్ముడూ. ఒకటి గుర్తొచ్చింది, పనసకాయ కోసినప్పుడు చేతికంటుకునేదాన్ని కూడా దొడ్డమ్మ ‘జిగి’ అనేది.

— అది జిగురండీ, ‘రు’ మింగేసి ఉంటారు.

— మింగలేదండీ. బాగా గుర్తుంది, ‘జిగి’ అనే అనేది.