బాల్సా (తేలిక కర్ర) గ్లైడర్ గట్టిగా విసిరితే స్టాల్ అవుతోంది (రెక్క పైకి లేపే బలం కోల్పోతోంది): రెక్క-తోక కోణం తగ్గించాలా, సీజీ (బరువు కేంద్రం) జరపాలా?

రిటైరైన ఏరోస్పేస్ ఇంజనీరుని. మనవరాలు చేత్తో విసరడానికి కట్టిన గ్లైడర్ ఇది. చిన్న మోడళ్లు ఎగరేసే అలవాటున్నవాళ్లు చెప్పండి.

రెక్కల మొత్తం పొడవు 600 మి.మీ., వెడల్పు 100 మి.మీ., బరువు 48 గ్రాములు. తోకరెక్క వైశాల్యం రెక్కలో ఐదో వంతు, రెక్క నుంచి దాని దూరం 300 మి.మీ. సీజీ రెక్క ముందంచు నుంచి 35 మి.మీ. వెనక ఉంది. రెక్క, తోకల కోణాల తేడా 3 డిగ్రీలు.

మెల్లగా వదిలితే తిన్నగా సాగుతుంది. పాప విసిరితే ముక్కెత్తి, స్టాల్ అయి, నిట్టనిలువునా నేలకు కొట్టుకుంటుంది. ట్రిమ్ వేగం (తిన్నగా, నిలకడగా సాగే వేగం) సెకనుకు 4.5 మీటర్ల చుట్టుపక్కలే. రెట్టింపు వేగంతో విసిరితే లిఫ్ట్ (పైకి లేపే బలం) నాలుగింతలవుతుంది మరి. ముక్కులో 3 గ్రాముల క్లే పెడితే ఎగబాకడం కొంత తగ్గింది గానీ, గ్లైడు దూరం సగానికి పడిపోయింది. (నెమ్మదిగా విసరమని చెప్పొచ్చు కదా అనకండి, ఏ పిల్లా వినదు.)

కోణం 1 డిగ్రీకి తగ్గించి సీజీని 45 మి.మీ.కి జరిపితే చాలా? లేక రడ్డర్ (తోకలోని నిలువు పలక) కాస్త తిప్పి, గుండ్రంగా తిరుగుతూ ఎక్కేలా చేయడమే మేలా? ఇంకొకటి: రెనాల్డ్స్ సంఖ్య (వేగం, రెక్క వెడల్పుల్ని బట్టి గాలి ప్రవాహం తీరు చెప్పే అంకె) ఇంత చిన్నగా, 30,000 దగ్గర ఉంటే పెద్ద విమానాల లెక్కలు నమ్మలేం. రెక్క మీది గాలిని కలచడానికి ముందంచు వెనక దారం అంటిస్తే స్టాల్ నిజంగా ఆలస్యమవుతుందా? అయితే ఎంత మందం దారం, ఎన్ని మి.మీ. వెనక?